గోడకివతల విన్న సినిమాలు

మా అన్నయ్య అప్పన్న పోయిన రెండు నెలలకి, పోర్ట్ బ్లెయిర్‌లోని తెలుగువాళ్ల సంఘం ఒకటి అతని జ్ఞాపకంగా చిన్న పుస్తకం అచ్చు వేయించింది. ఒకప్పుడు ఆంధ్రాలో నడిచిన ఒక సినిమా వారపత్రికలో ‘అప్పన్న, జంగ్లీఘాట్’ అనే పేరుతో వచ్చిన వ్యాసాలన్నీ అందులో ఉన్నాయి. అట్ట మీద అన్నయ్య ఫోటో. గళ్ల చొక్కా, పక్క పాపిడి, మెడ కొంచెం వంచి నవ్వే ఆ నవ్వు. మేనకోడలు దివ్య బతు బస్తీలో మా ఇంటికి వచ్చి ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, “అత్తా, సండే మీటింగ్‌లో ఇందులోది ఒకటి నువ్వు చదవాలి. మాకు మాట్లాడటం వస్తుంది గానీ తెలుగు చదవాలంటే బిల్కుల్ రాదు కదా. అమ్మ చదవనంది. ఇక మొత్తం ఖాందాన్‌లో సాఫ్‌గా చదివేది నువ్వొక్కదానివే” అంది. సరేనన్నాను. అది వెళ్లిపోయాక పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. అందులో ప్రతి వాక్యమూ నేను రాసిందే. ఒక్క కామా కూడా మా అన్నయ్యది కాదు.

ఈ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే చనిపోయిన మనిషి మీద ఏడుస్తోందంటారు. అననివ్వండి.

జంగ్లీఘాట్‌లో మాది చెక్క ఇల్లు, రేకుల కప్పు. ముందు గదిని ఆనుకుని నాన్న దుకాణం. వలలు, తాళ్లు, గాలాలు, సీసపు గుండ్లు అమ్మేవాడు. కొత్త నైలాన్ తాడు వాసనా, పడవల రేవు నుంచి వచ్చే ఎండుచేపల వాసనా కలిసి మా బట్టల్లో, దుప్పట్లలో, చివరికి మా పుస్తకాల్లో కూడా ఉండేవి. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. శ్రీకాకుళం నుంచి తాతతో పాటు ఈ దీవికి వచ్చి, ఇక్కడే ముసలిదైపోయిన నాన్నమ్మ, నాన్న, అన్నయ్య, నేను. ఇల్లు అంతే. పదమూడేళ్లు వచ్చేసరికి వంటిల్లు నా చేతికి వచ్చింది. పొద్దున్నే పంపు దగ్గర బిందెలతో వరస, తరవాత అన్నం, పులుసు, బడి, మళ్లీ వచ్చి అంట్లు. అన్నయ్యని నాన్న హిందీ మీడియంలో వేశాడు, సర్కారు ఉద్యోగం వస్తుందని. ఆడపిల్లకి ఏదైతేనేమని నన్ను ఇంటికి దగ్గరగా ఉన్న తెలుగు మీడియం బడిలో వేశాడు. నాన్న నాకు చేసిన మేలు అదొక్కటే. అదీ తెలిసి చేసింది కాదు.

మా వీధిలో మొదట టీవీ, వీసీఆర్ కొన్న ఇళ్లలో మాదొకటి. వైజాగ్ నుంచి షిప్పు వస్తే దాంతో తెలుగు కేసెట్లు వచ్చేవి. షిప్పు హార్బర్‌కి చేరిన మర్నాడే కేసెట్ల షాపు ముందు జనం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న స్నేహితులు, పక్కింటి మగవాళ్లు ముందు గదిలో చాపల మీద కూర్చునేవారు. భక్తి సినిమా అయినా, ఇంటింటి కథల సినిమా అయినా నేను గుమ్మంలో కూర్చోవచ్చు. ఖూనీ సినిమా అయితే మాత్రం నాన్న ముందే చెప్పేవాడు.

“ఇది ఆడపిల్లలు సూసేది కాదే. నువ్వెల్లి పకోడీలెయ్యి.”

ఖూనీ సినిమాలంటే నాకు ప్రాణం. వంటింటికీ ముందు గదికీ మధ్య ఒక చెక్క గోడ. పకోడీలు వేస్తూ ఆ గోడకి చెవి పెట్టి వినేదాన్ని. నూనె చప్పుడుకి మాటలు పోతాయని మంట తగ్గించేదాన్ని. పకోడీలు నూనె పీల్చుకుని మెత్తగా వస్తే నాన్న చేత తిట్లు తినేదాన్ని. వినీ వినీ ఎన్నో తెలిశాయి. నిజం చెప్పే మనిషి వెంటనే జవాబు చెబుతాడు, అబద్ధం చెప్పేవాడు ముందు ఒక్క క్షణం ఊపిరి తీసుకుంటాడు. హంతకుడి అడుగులు ఎప్పుడూ తొందరగా ఉండవు. పాటలో వాయిద్యం ఆగిపోయిందంటే తలుపు తెరుచుకోబోతోందని అర్థం. మెట్లు ఎన్ని ఉన్నాయో, గడియారం ఏ గదిలో ఉందో, ఫోన్ మోగినప్పుడు ఎవరు ఎక్కడున్నారో నా మనసులో ఒక ఇల్లు కట్టుకునేదాన్ని. వానాకాలంలో మాత్రం దుఃఖం. సరిగ్గా ఆఖరి పది నిమిషాలకి రేకుల మీద వాన విరుచుకుపడేది, ఇక ఒక్క ముక్క వినపడేది కాదు. అలా నాకు చివర తెలియకుండా పోయిన సినిమాలు చాలానే ఉన్నాయి.

నాన్నమ్మకి చూపు మందగించింది కాబట్టి ముందు గదిలో ఒక మూల కూర్చోనిచ్చేవారు. తెర మీద ఎవరైనా చచ్చిపోతే ఆమె నిజంగా ఏడ్చేది. “పాపం, ఎవల బిడ్డో! ఆడికి అమ్మ ఉందేటి?” అని పక్కవాళ్లని అడిగేది. మగవాళ్లు నవ్వేవారు. సినిమా అయిపోయాక కూడా వంటింట్లోకి వచ్చి కన్నీళ్లు తుడుచుకుంటూ, “ఆ గుమస్తా ఏటి పాపం సేసినాడే, ఆడిని సంపేసినారు” అనేది. హంతకుడు దొరికాడా లేదా అన్నది ఆమెకి పట్టేది కాదు.

ఇప్పుడు నా చేతిలో ఫోనుంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి, మా ఆయన పక్కగదిలో క్రికెట్ చూసుకుంటాడు. ఏ భాష థ్రిల్లరైనా ఎన్నిసార్లైనా చూడొచ్చు. చూస్తూనే ఉంటాను. కెమెరా పట్టేవాళ్లు బాగా నేర్చారు, ఒప్పుకుంటాను. చీకటి చీకటిగా కనపడుతుంది, వాన అసలు వానలాగే ఉంటుంది. పాత సినిమాల్లో అట్ట గోడలు ఊగేవట, అన్నయ్య చెప్పేవాడు. కానీ కొత్తవాటిలో చచ్చిపోయిన మనిషి కోసం ఎవరూ ఏడవరు. మొదటి అయిదు నిమిషాల్లో ఒక శవం, దానికి అన్ని వైపుల నుంచీ ఫోటోలు, గోడకి ఎర్రదారాలు, తరవాత ఇంకో శవం. పది నిమిషాలకో మలుపు తిప్పి, ఆ మలుపు మనకి అర్థం కాలేదేమోనని భయపడి మళ్లీ వెనక్కి వెళ్లి చూపిస్తారు. ప్రేక్షకుణ్ణి నమ్మరు. పాత సినిమాలో వెకిలి హాస్యం ఉండేది, అక్కర్లేని పాటలుండేవి, అయినా హత్య జరిగిన ఇంట్లో మర్నాడు ఎవరూ అన్నం తినలేకపోవడం ఉండేది. ఆ తేడా నాకు పెద్దది. ఇలాంటివి రాయాలనిపిస్తుంది. రాసి ఎవరికి పంపను?

అప్పట్లో ఎలా మొదలైందో చెబుతాను. ఒక ఆదివారం ఒక ఖూనీ సినిమా వేశారు. వాన పడి ఆఖరు వినపడలేదు. సాయంత్రం అన్నయ్యని అడిగితే, “ఫ్యామిలీ డాక్టరే చంపాడు” అన్నాడు.

“ఎలా చంపుతాడు? పైన పళ్లెం కిందపడినప్పుడు డాక్టరు మేడ కింద ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. నేను విన్నాను.”

“అరే, సినిమాలో చూపించారు. నేను చూశాను కదా.”

“చూపించినా తప్పే.”

అన్నయ్యకి విసుగొచ్చి లేచిపోయాడు. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. మర్నాడు బడి నోటుపుస్తకంలోంచి రెండు కాగితాలు చింపి, ఆ దర్శకుడు ఎక్కడ పొరబడ్డాడో వరసగా రాసి, షాపులో పొట్లాలు కట్టడానికి వచ్చిన పాత వారపత్రికలోని అడ్రసుకి పంపించాను. కింద నా పేరు రాయడానికి భయమేసింది. సినిమా పత్రికలో ఆడపిల్ల పేరూ ఊరూ పడితే నాన్న కాళ్లు విరగ్గొడతాడు. అందుకని అన్నయ్య పేరు రాశాను. అవును, మొదట రాసింది నేనే. ఎవరూ నా చేత రాయించలేదు.

కొన్ని వారాలకి షిప్పులో పత్రిక వచ్చింది. ఉత్తరం అచ్చయింది, ఆ వారం ఉత్తమ లేఖగా. నాన్న అప్పటికే ఎవరి ద్వారానో తెలుసుకుని పత్రిక కొని దుకాణంలో వేలాడదీశాడు. వలలు కొనడానికి వచ్చిన ప్రతివాడికీ, “మావోడి పేరు పడింది, ఆంధ్రాలో” అని చూపించాడు. అన్నయ్య బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. నేను నాన్న దగ్గరికి వెళ్లి, అది రాసింది నేనని చెప్పాను. నాన్న నన్ను కొట్టలేదు. తాడు కొలుస్తూనే, “తెలుసు, ఆడికి తెలుగు రాయడమొచ్చా ఏటి? పేరు ఆడిదైతే తప్పేటి? ఇల్లు ఒకటే గదా” అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడంటే, నిజమే కాబోలనుకున్నాను.

తరవాత ప్రతి సినిమా మీదా రాయడం మొదలైంది. గోడకి అవతల అన్నయ్య చూసేవాడు, ఇవతల నేను వినేదాన్ని. సాయంత్రం రంగులు, బట్టలు, మొహాలు అతన్ని అడిగి తెలుసుకునేదాన్ని. అతనికి ఏదీ గుర్తుండేది కాదు. “చీరే కట్టుకుంది. ఏ రంగో ఎవడికి తెలుసు?” అనేవాడు. అందుకే నా వ్యాసాల్లో రంగులుండవు. చప్పుళ్లుంటాయి. ఒకసారి ఆ పత్రిక ఎడిటరు అన్నయ్య పేరున ఉత్తరం రాశాడు, మీరు సినిమాని చెవులతో చూస్తారు, నెలకొక వ్యాసం పంపండి అని. ఆ ఉత్తరాన్ని అన్నయ్య చొక్కా జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. తెలుగు అక్షరాలు కూడబలుక్కునే మనిషి పండగ సభల్లో వేదిక మీద కూర్చునేవాడు. ఎవరైనా ఏదైనా అడిగితే మెడ వంచి నవ్వేవాడు. గొప్ప రచయితలు తక్కువ మాట్లాడతారని జనం చెప్పుకున్నారు.

అప్పుడే టెక్కలి దగ్గర ఒక ఊరి నుంచి వాసంతి అనే అమ్మాయి పత్రికాఫీసు ద్వారా ఉత్తరం రాసింది. వాళ్ల నాన్న తెలుగు మాస్టారు. నాన్నమ్మ ఏడ్చిన ఆ సినిమాలో గుమస్తా చావు గురించి మీరు రాసింది చదివి అన్నం తినలేకపోయానని రాసింది. నేను జవాబు రాశాను. మళ్లీ రాసింది. మాస్టారికి కూడా ఈ ‘అప్పన్నగారి’ మీద గురి కుదిరింది. ఊరూ కులమూ కలిశాయి. సంబంధం మాట్లాడారు. ముహూర్తానికీ షిప్పు టికెట్లకీ ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ఉత్తరాలు రాయమని నాన్న నాకు చెప్పాడు. “పెళ్లయ్యేదాకా. తరవాత ఆళ్లే సూసుకుంటారు” అన్నాడు.

నాన్న చెప్పాడు కాబట్టి రాశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ ఉత్తరాల కోసం నేను షిప్పు వచ్చే రోజుకై ఎదురుచూసేదాన్ని. పుట్టినప్పటి నుంచీ సినిమా గురించి నాతో మాట్లాడిన మనిషే లేడు. ఆమె మాట్లాడింది. ఏ సన్నివేశంలో భయపడిందో రాసేది. వాళ్లమ్మ జబ్బు గురించి రాసేది. చీకటంటే భయమనీ, సముద్రం ఎప్పుడూ దాటలేదనీ రాసింది. సినిమా చూసేటప్పుడు మీ పక్కన ఎవరు కూర్చుంటారని ఒకసారి అడిగింది. ఎవరూ లేరు, ఒక్కణ్ణే, మీరు వస్తే ఇద్దరమవుతామని రాశాను. ఆ వాక్యం రాసి నేనే మురిసిపోయాను.

వాసంతి వచ్చింది. మూడు రోజులు షిప్పులో వాంతులు చేసుకుని, నీరసంతో ఒకరి భుజం పట్టుకుని దిగింది. నేను సంతోషంతో ఎదురు వెళ్లాను. కొద్ది నెలలు బాగానే ఉంది. తరవాత నాతో మాట్లాడటం తగ్గించేసింది. మాస్టారి కూతురునని గర్వం కాబోలనుకున్నాను. ఏడాది తిరక్కుండా నాకూ పెళ్లయింది. మా ఆయన సిప్పీఘాట్ వ్యవసాయ ఫారంలో పని. అన్నయ్య రెండుసార్లు బతు బస్తీకి వచ్చి, “సుగుణా, పత్రికవాళ్లు అడుగుతున్నారు, ఒక్కటి రాసివ్వు” అన్నాడు. “నా పేరు మీదైతే రాస్తాను” అన్నాను. “అదెలా కుదురుతుంది? ఇజ్జత్ పోతుంది కదా” అన్నాడు. నేను రాయలేదు. నా జీవితంలో నేను తీర్చుకున్న కక్ష అదొక్కటే. దాని ఫలితం ఏమిటంటే, సంసారం కోసం అప్పన్న కలం వదిలేశాడని ఊరు అతన్ని ఇంకా గౌరవించింది.

ఆదివారం సభకి వెళ్లాను. సంఘం పెద్ద మైకు పట్టుకుని, “అప్పన్న భయ్యా లాంటి రైటరు మన అండమాన్‌లో మళ్లీ పుట్టడు, పక్కా. చూడకుండానే హంతకుణ్ణి పట్టేసేవాడు” అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. తరవాత నన్ను పిలిచారు. గుమస్తా చావు మీద రాసిన వ్యాసం చదివాను. చదువుతూ చదువుతూ ఎక్కడున్నానో మరిచిపోయాను. అచ్చులో ఒక వాక్యం జారిపోయిందని అప్పుడు గమనించలేదు. ఆ వాక్యం నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. హాల్లో ఒక్కరికీ తెలియలేదు. ముందు వరసలో పుస్తకం తెరిచి పట్టుకుని కూర్చున్న వాసంతి వదిన మాత్రం తలెత్తి నావైపు చూసింది.

టీలు ఇస్తున్నప్పుడు దివ్య వచ్చి కౌగిలించుకుంది. “అత్తా, ఏం చదివావు! నాన్న బతికి ఉంటే రో దేతే, ఏడ్చేసేవాడు.”

ఇక ఆగలేకపోయాను. “దివ్యా, అవి నేనే రాశాను” అన్నాను.

“హా అత్తా, మాలూమ్ హై” అని నవ్వింది. “నాన్న చెప్పేవాడు. తన హ్యాండ్‌రైటింగ్ ఖరాబ్ కదా, నువ్వే అంతా ఫెయిర్ కాపీ రాసిచ్చేదానివట. థాంక్యూ అని చెప్పనే లేదట నీకు. నేను చెబుతున్నాను, థాంక్యూ.”

‘రాశాను’ అన్న మాట ఇంత పనికిరానిదని నాకు తెలియదు. టీ కప్పు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. వరండాలో వదిన ఒక్కతే ఆటో కోసం నిలబడి ఉంది.

“ఆ లైను పుస్తకంలో లేదు” అంది, నావైపు చూడకుండా.

నేను వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను.

“బెంగపడకు. నాకు ఇవాళ తెలిసింది కాదు. పురిటికి మా ఊరెల్లినప్పుడు మీ అన్నయ్య ఒక ఉత్తరం రాసాడు. రెండే లైన్లు. తెలుగు మాటలే, హిందీ అక్షరాల్లో. మా నాన్న కంట పడకుండా పొయ్యిలో పెట్టేసాను. పోయేదాకా మా నాన్న, అల్లుడు రైటరనే అనుకున్నాడు.”

“అప్పుడే నన్ను ఎందుకు అడగలేదు వదినా?”

“నువ్వు చెప్తావేమోనని చూసాను. వారం చూసాను, నెల చూసాను, ఇన్నేళ్లు చూసాను.”

“నాన్న రాయమన్నాడు. నాకు ఆ ఇంట్లో…”

“మీ నాన్న రాయమన్నారు. రాసింది నువ్వు.” మొదటిసారి నా మొహంలోకి చూసింది. “మీ అన్నయ్యని నేను ఎప్పుడో క్షమించేసాను సుగుణా. ఆయనకి అది మోసమని కూడా తెలీదు. ఏదో మీరంతా ఇచ్చారు, ఆయన తీసుకున్నాడు. సినిమా పెడితే సగంలో గురక. కానీ నీకు తెలుసు, అది మోసమని. నాకేటిష్టమో, ఏటి భయమో అన్నీ నీకు రాసాను కదా. అన్నీ చదివి, ఆ మనిషి దగ్గరికి నన్ను పిలిచావు. నేను దిగిన రోజున చెప్పినా సరే, తిరుగు షిప్పు ఎక్కేసేదాన్ని.”

నాకు జరిగిన అన్యాయం గురించి ముప్పై ఏళ్లకి పైగా ఎన్ని మాటలు కూడబెట్టుకున్నానో, వాటిలో ఒక్కటీ ఆమెకి చెప్పదగింది కాదు. తప్పయిపోయిందని అని ఉండాల్సింది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ నా నోట్లోంచి వచ్చింది వేరు.

“వదినా, నేను రాసిన ఆ ఉత్తరాలు ఉన్నాయా?”

“ఉన్నాయి.”

“ఒక్కసారి చదివి ఇచ్చేస్తాను.”

ఆటో వచ్చి ఆగింది. వదిన పుస్తకం చంకలో పెట్టుకుని, చీర కుచ్చిళ్లు పట్టుకుని ఎక్కి కూర్చుంది.

“నీవి కావు అవి,” అంది. “నాకొచ్చినవి.” డ్రైవరుతో, “చలో భయ్యా, జంగ్లీఘాట్” అంది.